పోర్ట్ బ్లెయిర్: అడవికీ సముద్రానికీ నడుమ ఊరు

బంగాళాఖాతానికీ అండమాన్ సముద్రానికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా పరుచుకున్న దీవుల వరసలో పట్టణం అనిపించుకునే ఊరు ఒకటే, పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దాని పేరును శ్రీ విజయపురంగా మార్చింది. కాగితాల మీద కొత్త పేరు నడుస్తున్నా జనం నోట ఇంకా పాత పేరే వినిపిస్తోంది కనుక ఈ వ్యాసంలోనూ అదే ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఐదింట నాలుగు వంతులు అడవి. 2011 జనాభా లెక్కల్లో మొత్తం జనం 3,80,581 మంది. హైదరాబాద్‌లో కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు అండమాన్ ఇప్పుడు కొత్త ఊరేమీ కాదు. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. ఆకాశమార్గాన దూరం దాదాపు 1,650 కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. వాన పడుతున్న సాయంత్రం కొత్తగూడ చౌరస్తా దాటి ఔటర్ రింగు రోడ్డు ఎక్కి విమానాశ్రయం చేరడానికీ కొన్నిసార్లు ఇంచుమించు అంత సమయమే పడుతుంది. తీరిక ఉన్నవాళ్లకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ప్రయాణికుల ఓడలు కూడా ఉన్నాయి. వాటిలో రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. విశాఖ ఓడ అరుదుగా బయల్దేరుతుంది. అందులో ఎక్కేవాళ్లలో పర్యాటకుల కన్నా సొంతూళ్లకు వచ్చి తిరిగి వెళ్లే కుటుంబాలే ఎక్కువ.

ఈ ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో సాగుతున్నాయి. దిగిన రోజు సెల్యులార్ జైలు, మర్నాడు పొద్దున్నే హావ్‌లాక్ దీవికి పడవ, అక్కడ రెండు రోజులు ఫొటోలు, తిరిగి విమానం. పోర్ట్ బ్లెయిర్ ఒక బస్టాండులాగా మిగిలిపోతుంది. నిజానికి అండమాన్‌లో చూడదగ్గ అడవి, పక్షులు, పగడాలు, చరిత్ర చాలామటుకు ఈ పట్టణానికి గంట ప్రయాణం లోపలే ఉన్నాయి. రెండు రోజులు ఇక్కడ ఆగితే పోయేదేమీ లేదు, వచ్చేదే ఎక్కువ.

ముందుగా గడియారం సంగతి తెలుసుకోవాలి. అండమాన్ హైదరాబాద్‌కు చాలా తూర్పున ఉంది, కానీ పాటించేది భారత కాలమానమే. అందువల్ల పొద్దు ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. జూన్‌లో తెల్లవారి 5 గంటలకల్లా సూర్యుడు పైకి వస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే అస్తమయం. అరగంట తిరక్కుండానే చీకటి. ఆఫీసు అలవాటు చొప్పున 9 గంటలకు లేచి, టిఫిను చేసి, 11 గంటలకు బయటపడే మనిషికి పగటిలో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. అడవిలో పక్షులు కనిపించేది తొలి రెండు గంటల్లో. సముద్రం నిలకడగా, నీరు తేటగా ఉండేది కూడా ఎక్కువగా పొద్దుటి పూటే. రాత్రి 8 గంటలకు పడుకుని 4 గంటలకు లేచేవాళ్లదే ఇక్కడ రాజ్యం.

తర్వాత వాన. ఏటా మే మూడో వారంలో నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయన్న వార్త రేడియోలో వినిపిస్తుంది. తెలుగు రైతు ఏరువాకకు లెక్కలు వేసుకోవడం ఆ వార్తతోనే మొదలు. ఆ మేఘాలు కేరళ మీదుగా తెలుగు నేలకు రావడానికి మరో మూడు వారాలు పడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి పడే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో పడేది 800 చుట్టుపక్కల. నైరుతి వెళ్లాక ఈశాన్య రుతుపవనం కూడా ఈ దీవులను తడుపుతుంది. అందుకని మే చివరి నుంచి నవంబరు దాకా ఏ రోజైనా వాన రావచ్చు. పొడి నెలలు జనవరి నుంచి ఏప్రిల్ వరకే. ఇంత వాన పడే ఊళ్లో వేసవిలో మంచినీళ్లకు కటకట రావడం చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. దీవిలో నదులు చిన్నవి, వాలు ఎక్కువ. పడ్డ నీరు కొన్ని గంటల్లో సముద్రంలో కలుస్తుంది. పట్టణం ప్రధానంగా ఆధారపడేది ధనిఖారి జలాశయం మీద. అందులో మట్టం తగ్గితే కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. హోటల్లో బకెట్ నీళ్లు పొదుపుగా వాడమని బోర్డు కనిపిస్తే అది అలంకారానికి పెట్టింది కాదు.

ఆ వానే అడవికి మూలం. నల్లమల, ఆదిలాబాద్ అడవులు చూసిన కంటికి అండమాన్ అడవి వేరే జాతిలా కనిపిస్తుంది. తెలంగాణలో టేకు, తునికి, నల్లమద్ది వేసవి రాగానే ఆకు రాల్చేస్తాయి. మార్చిలో అడవి అంతా గోధుమ రంగుకు తిరిగి, నేల మీద ఎండుటాకు కరకరలాడుతుంది. అండమాన్‌లో చాలా చోట్ల అడవి ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అన్నిటికన్నా పైన గుర్జన్ చెట్లు నిటారుగా 40 మీటర్లు దాటి లేస్తాయి. కాండం కొమ్మ లేకుండా స్తంభంలా పోయి, చివర మాత్రమే గొడుగు విప్పుతుంది. దాని కింద రెండో వరస చెట్లు, వాటి కింద మూడో వరస, ఆపైన తీగలు, పేము, ఫెర్నులు. నేల దాకా చేరే వెలుతురు బహు కొంచెం. పై మట్టి పొర పలచనిది కావడంతో పెద్ద చెట్ల వేళ్లు లోతుకు పోవడం మాని, కాండం చుట్టూ పలకల్లాగా నిలబడతాయి. ఒక్కో పలక మనిషి ఎత్తు దాటుతుంది. దాని సందులో నిలబడితే వాన చినుకులు ఆకుల మీద పడిన చాలాసేపటికి గానీ నెత్తిన పడవు.

కలప విషయంలో పేరున్న చెట్టు పడౌక్. ఎర్రటి చేవతో ఉండే ఈ చెట్టు దీవుల రాష్ట్ర వృక్షం, వేగిస చెట్టుకు దగ్గరి చుట్టం. పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని వంతెనతో కలిసి ఉన్న చాథమ్ దీవిలో 1883లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన రంపపు మిల్లు ఇప్పటికీ ఉంది. ఆసియాలో చాలా పాత మిల్లుల్లో అదొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబు తవ్విన గొయ్యిని కూడా ఆవరణలో చూపిస్తారు. ఒకప్పుడు నరికిన దుంగలను కొండల మీద నుంచి ఏనుగులు లాక్కొచ్చేవి. దీవి నుంచి దీవికి వాటిని ఈదించుకుంటూ తీసుకెళ్లేవాళ్లు. అలా ఈదిన ఏనుగుల్లో పేరు తెచ్చుకున్న రాజన్ 2016లో హావ్‌లాక్‌లో చనిపోయింది. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలతో సహజ అడవిలో చెట్ల నరికివేత బాగా తగ్గింది. హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ అనే పేరు మాత్రం నిలిచింది.

ఈ అడవిలో పులి లేదు, చిరుత లేదు, ఎలుగుబంటి లేదు. ప్రధాన భూభాగంతో భూమార్గం లేని దీవుల్లోకి పెద్ద జంతువులు రాలేకపోయాయి. ఎగరగలిగినవీ, కొట్టుకువచ్చే దుంగల మీద బతికి బయటపడ్డవీ ఇక్కడ స్థిరపడి, వేల ఏళ్లలో తమదైన రూపు తెచ్చుకున్నాయి. అందుకే పక్షుల కోసం వచ్చేవాళ్లకు అండమాన్ ఒక నిధి. తెలుగు పల్లెల్లో కంచె మీద కూర్చునే జెముడు కాకి ఒళ్లంతా నలుపు, రెక్కలు ఇటుక రంగు. దాని అండమాన్ చుట్టం ఒళ్లు లేత గోధుమ రంగులో ఉంటుంది. గేదెల మీద వాలే పసుల పోలిగాడికి కూడా ఇక్కడొక అండమాన్ రూపం ఉంది. నల్లని అండమాన్ వడ్రంగి పిట్ట, పాముల్ని పట్టే అండమాన్ గద్ద, చిన్న గుడ్లగూబలు ప్రపంచంలో మరెక్కడా దొరకవు. వీటిని చూడటానికి దూరం పోనక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా 25 కిలోమీటర్ల దూరంలో దీవి కొసన ఉన్న చిడియా టాపు చాలు. సాయంత్రం అక్కడి ముండా పహాడ్ బీచిలో అస్తమయం చూడటానికి కార్లు వరస కడతాయి. అదే దారి తెల్లవారి 5 గంటలకు ఖాళీగా ఉంటుంది. చెట్టు కాండం మీద పచ్చగా మెరుస్తూ, ఒంటిమీద ఎర్రటి మచ్చలతో పగలే తిరిగే అండమాన్ బల్లి కూడా ఆ వేళే కంటపడుతుంది. హైదరాబాద్ గోడల మీద రాత్రిపూట పాకే బూడిద రంగు బల్లులతో దీనికి పోలికే లేదు.

బయటి నుంచి మనిషి తెచ్చిన జంతువులు వేరే కథ. చుక్కల జింకలను బ్రిటిష్ వాళ్లు తీసుకొచ్చి వదిలారు. వేటాడే జంతువు లేకపోవడంతో అవి విపరీతంగా పెరిగి, లేత మొక్కలను మొలిచినవి మొలిచినట్టే తినేస్తున్నాయి. రాస్ దీవిలో మనుషుల చేతిలోంచి బిస్కెట్లు అందుకునే జింకలు పిల్లలకు ముచ్చటగా ఉంటాయి, అడవికి మాత్రం అవి అరిష్టం. ఒక కలప కంపెనీ మూతపడ్డాక వదిలేసిన ఏనుగుల సంతతి ఇంటర్వ్యూ దీవిలో అడవి ఏనుగులుగా మారిపోయింది.

పట్టణానికి ఎదురుగా సముద్రపు పాయ అవతల ఉన్న కొండ పేరు మౌంట్ హారియట్. 2021లో దానికి మౌంట్ మణిపుర్ అని పేరు పెట్టారు. చుట్టూ జాతీయ ఉద్యానవనం. పాత ఎర్రటి 20 రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరి చెట్ల బొమ్మ ఆ కొండ దారి మీది నుంచి కనిపించే దృశ్యమే. చాలామంది ఆ నోటు పట్టుకుని ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. అక్కడి నుంచి అడవిలోకి పోయే కాలిబాటలో గంట నడిస్తే మాత్రం వానాకాలపు అడవి అంటే ఏమిటో కాళ్లకే తెలుస్తుంది. తడి రోజుల్లో జలగలు ఉంటాయి. పొడవు సాక్సులు వేసుకోవడం, ఉప్పు పొట్లం దగ్గర ఉంచుకోవడం అక్కడివాళ్లు చెప్పే మాట.

బీచుల విషయానికి వస్తే, పట్టణంలో ఉన్నది కార్బిన్స్ కోవ్. స్నానానికి పనికొస్తుంది గానీ గుర్తుండిపోయేది కాదు. పేరు మోసింది హావ్‌లాక్ దీవిలోని రాధానగర్. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. రాధానగర్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దీన్ని మిగతా బీచుల నుంచి వేరు చేసేది ఇసుక కాదు. అలలు ఆగే చోటు నుంచి కొన్ని అడుగుల్లోనే అడవి మొదలవడం దాని ప్రత్యేకత. సముద్ర మహువా అనే భారీ చెట్లు ఒడ్డు మీదికి వంగి ఉంటాయి. మధ్యాహ్నం ఎండలోనూ ఆ నీడలో కూర్చోవచ్చు. విశాఖ రామకృష్ణా బీచిలో, కాకినాడ సూర్యారావుపేటలో తీరానికీ ఊరికీ మధ్య రోడ్డు ఉంటుంది. ఇక్కడ ఆ స్థానం చెట్లది.

ఇసుకను దగ్గరగా చూడటం కూడా ఒక పనే. నీరు వెనక్కి తగ్గిన గంటలో తడి ఇసుక మీద ఆవగింజల కన్నా కొంచెం పెద్దవైన ఇసుక గుండ్లు ముగ్గు వేసినట్టు పరుచుకుని ఉంటాయి. గోరంత పీతలు ఇసుకను నోట్లో పెట్టుకుని, దానికి అంటిన తిండిని తీసుకుని, మిగిలినదాన్ని గుండుగా చుట్టి పక్కన పెడతాయి. మనిషి అడుగు చప్పుడైతే అన్నీ ఒక్కసారి బొరియల్లోకి మాయమవుతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే మళ్లీ బయటికి వస్తాయి. అక్కడే సన్యాసి పీతలు ఖాళీ గవ్వలను వీపున మోసుకుంటూ తిరుగుతుంటాయి. వాటికి సొంత చిప్ప లేదు. పెరిగేకొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని అందులోకి మారాలి. జనం గవ్వలు ఏరుకుపోయిన ఒడ్డున ఇవి సీసా మూతల్లోనూ, విరిగిన ప్లాస్టిక్ ముక్కల్లోనూ తలదాచుకోవడం అండమాన్‌లో కనిపిస్తున్న దృశ్యమే.

నీటి అడుగున మరో అడవి ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు నైరుతి దిక్కున, గంట లోపు ప్రయాణంలో వండూర్ రేవు వస్తుంది. 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి అదే ముఖద్వారం. 281.5 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానవనంలో 15 దీవులున్నాయి. పర్యాటకులకు తెరిచేది వాటిలో రెండు, జాలీ బోయ్, రెడ్ స్కిన్. ఒకటి తెరిచి ఉన్నప్పుడు రెండోదానికి విశ్రాంతి. జాలీ బోయ్‌కు ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. రేవు దగ్గరే సంచులు తనిఖీ చేస్తారు. గాజు అడుగు పడవలోంచి చూసినా, ముఖానికి అద్దం, గొట్టం పెట్టుకుని నీటిలో తేలినా, పగడపు దిబ్బ బతికి ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. పగడం ఒక జంతువు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం తయారుచేసి దానికి పెడుతుంది, రంగునూ ఇస్తుంది. సముద్రం కొన్ని వారాల పాటు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేదంటే చస్తుంది. 2010లోనూ 2016లోనూ అండమాన్ పగడాలు ఇలా పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. కొన్ని చోట్ల తిరిగి పుంజుకున్నాయి, కొన్ని చోట్ల రాళ్ల కుప్పలే మిగిలాయి. అందువల్ల పడవవాడు ఎక్కడ దింపుతాడన్నది అదృష్టానికి వదిలేయకుండా ముందే అడిగి తెలుసుకోవడం మేలు. కాలితో పగడాన్ని తాకకూడదు. అరచేయంత పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది.

స్కూబా డైవింగ్ ఇప్పుడు ఐటీ ఉద్యోగుల యాత్రల్లో తప్పనిసరి అంశమైంది. ఈత రానివాళ్లను కూడా శిక్షకుడు చెయ్యి పట్టుకుని కొన్ని మీటర్ల లోతుకు తీసుకెళ్తాడు. ఒక జాగ్రత్త మాత్రం చాలామంది మర్చిపోతున్నారు. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఆలోగా విమానం ఎక్కితే, పైన పీడనం తగ్గి, అదే నత్రజని బుడగలుగా మారి కీళ్లకు, నరాలకు ప్రమాదం తెస్తుంది. డైవింగ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే పూర్తి రోజు ఎడం ఉండాలి. సోమవారం పొద్దున్న ఆఫీసులో ఉండాలని ఆదివారం పొద్దున్న డైవింగ్ చేసి మధ్యాహ్నం విమానం ఎక్కడం తెలివైన పని కాదు.

మొసళ్ల సంగతీ చెప్పుకోవాలి. మడ అడవుల పాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. అవి సముద్రంలోనూ ఈదుతాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. ఆ తర్వాత బీచుల్లో హెచ్చరిక బోర్డులు, కొన్ని చోట్ల వలలు వచ్చాయి. పాయలు సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక, నీళ్లలోకి దిగకపోతే భయపడాల్సింది తక్కువే.

పట్టణానికి తనదైన చరిత్ర ఉంది, అందులో తెలుగువాళ్ల భాగం కొంచెమేమీ కాదు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి ఇక్కడ స్థావరం ఏర్పరిచాడు. రోగాల వల్ల 1796కల్లా అది ఎత్తేశారు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో ఖైదీల ఓడ వచ్చింది. అప్పటి నుంచి ఇది శిక్షల దీవి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన సెల్యులార్ జైలులో ఏడు భుజాలు, నడుమ కావలి బురుజు, 690కి పైగా ఒంటరి గదులు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు భుజాలు. 1979లో జాతీయ స్మారకమైంది. రాత్రి దీపాల ప్రదర్శనకు జనం విరగబడతారు. పగటిపూట ఒక గది తలుపు దగ్గర ఆగి గడియను చూస్తే ఆ ప్రదర్శన చెప్పేదంతా అందులోనే ఉంది. గడియ తలుపు మీద ఉండదు. పక్క గోడలో చెక్కిన గూడులోకి పోయి అక్కడ పడుతుంది. లోపలి మనిషి ఊచల్లోంచి ఎంత చెయ్యి చాపినా అందదు. 1922-24 నాటి రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం వీరుల్లో కొందరిని అండమాన్‌కు పంపారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లోనే గడిపారు.

స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన తెలుగువాళ్లది వేరే దారి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల మత్స్యకారులు చేపల వేటకు వచ్చి స్థిరపడ్డారు. కొందరు ప్రభుత్వ పునరావాస పథకాల కింద, కొందరు బంధువుల వెంట వచ్చారు. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. జంగ్లీఘాట్ రేవు దగ్గర పొద్దున్నే చేపల బేరం ఉత్తరాంధ్ర యాసలో సాగుతుంది. తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే ప్రభుత్వ పాఠశాల ఉంది. తెలుగువాళ్ల ఉనికి రాజకీయంలోనూ కనిపిస్తుంది. 2022లో పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలిచింది. 2023లో బీజేపీ మద్దతుతో మున్సిపల్ అధ్యక్ష పదవి ఆ పార్టీకి దక్కింది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల అవతల ఆ పార్టీకి ఇలాంటి పదవి దక్కడం అరుదు. కొండాపూర్ నుంచి వచ్చిన కుటుంబం ఆటోలో హిందీ తంటాలు పడుతుంటే డ్రైవరు తెలుగులో జవాబివ్వడం ఇక్కడ మామూలే.

అందరికీ సలహాగా వినిపించే బారాటాంగ్ యాత్ర గురించి మాత్రం ఆలోచించుకోవాలి. అక్కడి సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతాలు చూడటానికి అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా జరావా తెగకు కేటాయించిన అడవి గుండా వెళ్లాలి. జరావాలు కొన్ని వందల మందే ఉన్నారు. 1990ల చివరిదాకా బయటి ప్రపంచానికి దూరంగా ఉన్నారు. రాకపోకలు పెరిగాక 1999లో, తిరిగి 2006లో వాళ్లలో తట్టు ప్రబలింది. ఇప్పుడు వాహనాలు పోలీసు కాపలాతో, గుంపుగా, నిర్ణీత వేళల్లోనే వెళ్తాయి. ఆగడం, ఫొటో తీయడం, ఏదైనా ఇవ్వడం నేరం. నియమాలు ఎంత గట్టివైనా, వందల కార్లు రోజూ ఒక చిన్న తెగ ఇంటి ముంగిటి నుంచి పోవడం ఆపలేవు. గుహలు చూడాలని మరీ పట్టుబట్టనివాళ్లు ఆ రోజును చిడియా టాపుకో, వండూర్‌కో ఇవ్వడం మంచిది. ఉత్తర సెంటినల్ దీవి దగ్గరికైతే ఎవ్వరినీ వెళ్లనివ్వరు. నికోబార్ దీవులకు పర్యాటక యాత్రలు లేవు, ప్రత్యేక అనుమతి కావాలి. భారతీయులకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ వెళ్లడానికి ఏ పర్మిట్టూ అక్కర్లేదు.

దీవుల మధ్య ప్రయాణం ప్రభుత్వ, ప్రైవేటు పడవల్లో. హావ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండున్నర గంటలు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు రద్దవుతాయి, ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోవాలి. పడవలో కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు ఎక్కే ముందే మాత్ర వేసుకుని మధ్య వరసలో కూర్చోవాలి. ఫోను విషయానికి వస్తే, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ మొదలయ్యాక పట్టణంలో ఇంటర్నెట్ బాగుపడింది. అంతకుముందు ఉపగ్రహాల మీదే ఆధారం, ఒక ఈమెయిల్ పంపడానికి కాఫీ తాగి రావాల్సి వచ్చేది. చిన్న దీవుల్లో సిగ్నల్ ఇప్పటికీ వచ్చిపోతూ ఉంటుంది. హావ్‌లాక్ నుంచి పనిచేస్తానని మేనేజరుకు మాటిచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కాస్త నగదు కూడా దగ్గర ఉండాలి.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం తనిఖీ ఒక్కటి మిగులుతుంది. 2023 జులైలో ప్రారంభమైన కొత్త టెర్మినల్‌ను శంఖం, గవ్వల ఆకారంలో కట్టారు. ఆ కప్పు కిందే సంచుల్లోని గవ్వలను, పగడాలను పట్టుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు, అనేక రకాల శంఖాలకు, గవ్వలకు రక్షణ ఉంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడం ముక్కయినా తీసుకెళ్లడం నేరమే. తెలియక ఏరుకున్నామన్న మాట చెల్లదు. గవ్వల సామాను కావాలంటే పట్టణంలో లైసెన్సున్న దుకాణాల్లో, రసీదు తీసుకుని కొనాలి. ఆ రసీదు సంచి పైనే ఉంచుకుంటే తనిఖీ వరసలో సామానంతా విప్పే పని తప్పుతుంది.